మోయగలిగిందే సర్దు

మా ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా అత్తయ్యగారు ఒకే మాట అంటారు: "మోయగలిగిందే సర్దు." పెళ్ళయిన కొత్తలో ఇది పొదుపు పాఠం అనుకున్నాను. తర్వాత చాదస్తం అనుకున్నాను. అదేమిటో తెలియడానికి నాకు ఇరవై రెండేళ్ళూ, ఒక ఓడ ప్రయాణమూ పట్టాయి.

ఈ జూలైలో మేం నలుగురం మొదటిసారి క్రూజ్ ఎక్కుదామనుకున్నాం. విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి చూసుకుని, చెన్నైలో దిగడం. మా వారు టిక్కెట్లు తీసేశారు. మా అమ్మాయి ఓడవాళ్ళు పంపిన జాబితా ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అతికించింది. తీసుకురాకూడనివి: ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, ఎక్స్‌టెన్షన్ బాక్సు, కొవ్వొత్తులు, ఇంట్లో వండిన తిండి. అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని అంతా చదివి, "ఓడెక్కేవాళ్ళు తిండి మూట తీసుకెళ్ళకూడదా? మా అమ్మ జాడీడు ఆవకాయతో వెళ్ళింది" అన్నారు. ఆ తర్వాత చిన్నగా, "నేను రానులేమ్మా, మీరు వెళ్ళిరండి" అన్నారు.

ఎందుకు రానంటున్నారో అడిగితే చెప్పలేదు. నాకేమో పెట్టెలు సర్దుతూనే ఆ జాడీ మీద మనసు పడింది. అసలు మనకు ముందు ఓడెక్కినవాళ్ళు ఏం సర్దుకున్నారు? మధ్యాహ్నాలు పనయ్యాక చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఒకటి అర్థమైంది. ఎవరు ఎందుకు సముద్రం దాటారో తెలియాలంటే వాళ్ళ పెట్టె తెరిచి చూస్తే చాలు.

ముందుగా మనందరికీ తెలిసిన పెట్టె. 1888 సెప్టెంబరులో గాంధీగారు చదువు కోసం బొంబాయిలో ఓడెక్కారు. సముద్రం దాటుతున్నందుకు కులపెద్దలు వెలి వేశారు. అమ్మకు ఇచ్చిన మాట ప్రకారం మాంసం ముట్టకూడదు. బల్ల మీద వడ్డించే వాటిలో ఏది శాకాహారమో అడగడానికి మొహమాటం, చాకూ ఫోర్కుతో తినడం రాదు. అందుకని భోజనాల గదికే వెళ్ళకుండా, ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళతోనే చాలావరకు గడిపారట. ఇది ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. పంతొమ్మిదేళ్ళు నిండని పిల్లవాడు గదిలో కూర్చుని ఇంటి మిఠాయిలు తింటున్నాడని చదివినప్పుడు, హాస్టల్‌కి వెళ్ళిన మా అబ్బాయి గుర్తొచ్చాడు.

అదే పుస్తకంలో సర్దుకోవడం గురించి ఇంకో పాఠం ఉంది. ఇంగ్లండులో దిగేటప్పుడు వేసుకోవాలని ఆయన తెల్ల ఫ్లానెల్ సూటు అట్టేపెట్టుకున్నారు. తీరా దిగేసరికి సెప్టెంబరు చివర, చలి మొదలు. తెల్లబట్టల్లో ఉన్నది తానొక్కడే. మార్చుకుందామంటే పెట్టెలూ తాళాలూ కూడా సామాను చేరవేసే ఏజెంటు చేతిలో పెట్టేశారు. దిగింది శనివారం. మర్నాడు ఆదివారం, సామాను రాదు. ఇప్పటి క్రూజ్‌లోనూ పెద్ద పెట్టెలకు చీటీ కట్టి రేవులోనే తీసేసుకుంటారు. అవి గదికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ పూటకు కావలసిన బట్టలు, మందులు, ఆధార్ కార్డులు చేతిసంచిలో ఉండాలి. ఇది మా వారికి నేను చెబితే ఎక్కలేదు. గాంధీగారి పేరు చెప్పాక ఎక్కింది.

ఇంకో పెట్టె చూడండి, దాన్ని పెట్టె అనొచ్చో లేదో. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి జైపూర్ మహారాజా రెండవ మాధోసింగ్ లండను వెళ్ళాలి. పిలిచింది చక్రవర్తి, వద్దంటున్నది ఆచారం. ఆయన ఒలింపియా అనే ఓడనే మొత్తంగా అద్దెకు తీసుకున్నారు. తాగడానికీ పూజకూ గంగాజలం నింపిన వెండి గంగాళాలు అందులో ఎక్కించారు. ఒక్కొక్కటి సుమారు 345 కిలోల వెండి, 4,000 లీటర్లకు పైగా పట్టేది. వాటిలో రెండు ఇప్పటికీ జైపూర్ సిటీ ప్యాలెస్‌లో ఉన్నాయి. మడి కట్టుకుని ప్రయాణం చేయడమంటే ఏమిటో ఆ గంగాళాలు చూస్తే తెలుస్తుంది. మోయడానికి మనుషులుంటే ఏదైనా సర్దుకోవచ్చు.

వీళ్ళిద్దరికీ సామాను మీద హక్కుంది. మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమందికి ఉన్నది మూట ఒక్కటే. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ బయల్దేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్ళిన 342 మంది అందులో ఉన్నారు. అలాంటి ఓడల్లో ఏళ్ళ తరబడి తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ వెళ్ళారు. ప్రతి మనిషికీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీద గుర్తులు రాసిన పట్టీలున్నాయి. పుట్టుమచ్చ ఎక్కడుందో రాశారు కానీ, ఆ మనిషి మూటలో ఏముందో ఎవరూ రాయలేదు. ప్రతి 100 మంది మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళను పంపాలన్న నిబంధన కూడా ఉండేది. అంటే ఆడవాళ్ళు ఆ ఓడలో ఒక లెక్క. వాళ్ళ సంగతి తలచుకుంటూ మా అమ్మాయి మూడు జతల చెప్పులు పెట్టెలో పెడుతుంటే, ఒక జత తీసి బయట పెట్టాను. ఎందుకు తీశానో దానికి చెప్పలేకపోయాను.

ఇక అత్తయ్యగారి ఆవకాయ జాడీ వెళ్ళిన దారికి వస్తాను. మా వైపు పెద్దవాళ్ళు రంగూన్ అనరు, రంగం అంటారు. "రంగం వెళ్ళాడు" అంటే సంపాదనకు వెళ్ళాడని అర్థం. బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. గోదావరి నోట్లో ఉన్న కోరంగి రేవు పేరు అది. 1839 తుఫానులో ఆ రేవు దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. పేరు మాత్రం సముద్రం అవతల వందేళ్ళు బతికింది. రేవుల్లో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, ఇవీ మనవాళ్ళు చేసినవి. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే. ఎక్కువమంది ఒంటరిగా వెళ్ళిన మగవాళ్ళు. కాస్త నిలదొక్కుకున్నవాళ్ళు తర్వాత భార్యల్ని పిలిపించుకునేవారు.

ఓడెక్కడం కూడా ఇప్పటిలా కాదు. విశాఖలో లోపలి హార్బరు తెరుచుకున్నది 1933లో. అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. అంతకుముందు ఓడ దూరంగా సముద్రంలో నిలబడేది. మసూలా పడవలో కెరటాలు దాటి దాని దగ్గరకు వెళ్ళాలి. మేకులు కొట్టకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలవి. గట్టి పడవైతే ఒడ్డున కెరటం కొట్టే దెబ్బకు పగులుతుంది, కుట్టిన పడవ సాగుతుంది, వంగుతుంది, తట్టుకుంటుంది. అందులో ఎక్కితే మనిషీ తడవాల్సిందే, మూటా తడవాల్సిందే.

అత్తయ్యగారి అమ్మ, మేమంతా రంగం అమ్మమ్మ అనుకునే ఆవిడ, 1938లో పదహారేళ్ళకు కాపురానికి వెళ్ళింది. అప్పటికి హార్బరు వచ్చేసింది కాబట్టి తడవలేదు. తాతగారు అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. డెక్కు టిక్కెట్టు. అంటే గదీ మంచమూ ఏమీ ఉండవు. చాప పరుచుకున్నంత మేర మన ఇల్లు. ట్రంకుపెట్టె ఒకటి, పరుపుచుట్ట ఒకటి, చెంబు, ఆవకాయ జాడీ. పెట్టెలో పెళ్ళిచీరలు, పసుపు కుంకాలు, సున్నుండలు. ఇదంతా అత్తయ్యగారు ఒక్కసారిగా చెప్పలేదు. బట్టలు మడత పెడుతున్నప్పుడు ఒకటి, చిక్కుడుకాయలు వలుస్తున్నప్పుడు ఒకటి చెప్పారు.

అవే సముద్రాల మీద అవే రోజుల్లో ఇంకో రకం ప్రయాణం కూడా ఉండేది. ఆల్బర్ట్ బాలిన్ అని జర్మనీలో ఒక ఓడల కంపెనీ పెద్ద. అట్లాంటిక్ మీద చలికాలంలో జనం ప్రయాణం చేయరు, పెద్ద ఓడలు ఖాళీగా పడి ఉంటాయి. ఖాళీగా ఉంచడం కన్నా డబ్బున్నవాళ్ళను వెచ్చటి మధ్యధరా సముద్రం మీద తిప్పితే పోలేదా అనుకున్నాడు. 1891 జనవరి 22న ఆగస్టా విక్టోరియా అనే ఓడ 241 మందితో బయల్దేరింది. బాలిన్ భార్యను వెంటబెట్టుకుని తనూ వెళ్ళాడు. ఎక్కడికీ చేరనక్కర్లేని ప్రయాణం అది. తిరిగి ఇంటికే రావడం. అది నచ్చి, 1900లో విహారం కోసమే కట్టిన మొదటి ఓడను నీళ్ళలోకి దింపారు. అందులో మొదటి తరగతి గదులు తప్ప ఇంకో తరగతి లేదు. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక, ఊరు చేరడానికి ఓడ ఎక్కేవాళ్ళు వేగంగా తగ్గిపోయారు. ఓడలు బతకాలంటే బాలిన్ దారే మిగిలింది. 1966 నుంచి మయామీ రేవు నుంచి మధ్యతరగతి వాళ్ళను తిప్పే ఓడలు మొదలయ్యాయి. ఇవాళ నేను నాలుగు టిక్కెట్లు కొనగలిగిన క్రూజ్ ఆ వరసలోదే.

ఓడలు మారినట్టే పెట్టెలూ మారాయి. లూయీ విట్టన్ అంటే ఇప్పుడు ఖరీదైన హ్యాండ్‌బ్యాగు కదా! ఆ మనిషి మొదట చేసిన ఉద్యోగం బట్టలు సర్దడం. పారిస్‌లో గొప్పవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ దుస్తులు నలగకుండా పెట్టెల్లో అమర్చేవాడు. యూజీనీ మహారాణికి కూడా సర్దిపెట్టాడు. మనం ఇంట్లో ఊరికే చేసే పనికి అక్కడ జీతమూ పేరూ ఉన్నాయన్నమాట. వాన నీళ్ళు జారిపోవాలని అప్పట్లో పెట్టెల మూతలు గుండ్రంగా చేసేవారు. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టడం కుదరదు. 1858లో ఆయన తడవని గుడ్డ అంటించి, చదును మూతతో పెట్టె చేశాడు. ఓడల్లో, రైళ్ళలో దొంతర పెట్టడానికి అది బాగా కుదిరింది. సర్దేవాడికే తెలుస్తుంది పెట్టె ఎలా ఉండాలో.

చక్రాల కథ ఇంకా తమాషా. బెర్నార్డ్ శాడో అనే అమెరికా ఆయన పెట్టెలు చేసే కంపెనీలోనే పనిచేసేవాడు. 1970లో కుటుంబంతో సెలవులకు వెళ్ళి వస్తూ, విమానాశ్రయంలో రెండు బరువైన పెట్టెలు మోసుకుంటూ, పక్కన ఒక పనివాడు చక్రాల బల్ల మీద యంత్రాన్ని తేలిగ్గా తోసుకుపోవడం చూశాడు. ఇంటికొచ్చి పెట్టెకు చక్రాలు బిగించాడు. దుకాణాలవాళ్ళు మొదట వద్దన్నారట. మగవాడన్నాక పెట్టె మోస్తాడు కానీ లాక్కుంటూ వెళతాడా అని! 1972లో పేటెంటు వచ్చింది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ దాన్ని నిలువుగా చేసి, పొడుగు పిడి పెట్టాడు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాక గానీ చక్రాల పెట్టె అందరి వాడుకలోకి రాలేదు. బరువు మోయడం మగతనం అనుకున్నంతకాలం, చంకలో పిల్లతో మరో చేత్తో పెట్టెతో నడిచే ఆడదాని అవసరం ఎవరికీ కనబడలేదు.

ఫ్రిజ్ మీది జాబితాకు వస్తే, అందులోని చాలా నిబంధనల వెనక ఒక ప్రమాదం ఉంది. 1912లో టైటానిక్ మీద సుమారు 2,200 మంది ఉంటే, ప్రాణరక్షణ పడవల్లో చోటు 1,178 మందికే. 1,500 మందికి పైగా పోయారు. 1914లో కొన్ని దేశాలు లండనులో కూర్చుని ఓడల భద్రతకు ఒప్పందం రాసుకున్నాయి. 1934లో మారో కాసిల్ అనే విహార ఓడ హవానా నుంచి న్యూయార్కు వస్తూ తగలబడింది. లోపలంతా అందమైన చెక్కపని. 130 మందికి పైగా పోయాక, ఓడ లోపల మంటలు పాకకుండా కట్టడం మీద నియమాలు గట్టివయ్యాయి. నడిసముద్రంలో ఫైరింజన్ రాదు. అందుకే ఇస్త్రీపెట్టె వద్దంటారు. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కినవాళ్ళలో చాలామందికి, ఆపద వస్తే ఎక్కడికి రావాలో చూపించే డ్రిల్లు అప్పటికి జరగలేదు. ఇప్పుడు ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో అది జరగాల్సిందే. మీరెప్పుడు ఎక్కినా ఆ డ్రిల్లు ఎగ్గొట్టకండి. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

ఈ సంగతులన్నీ ఒక సాయంత్రం భోజనాల దగ్గర చెబుతూ, "ఇప్పుడు చక్రాలున్నాయి కదా అత్తయ్యా, మోయగలిగిందే అని లెక్కేముంది" అన్నాను. నవ్వుతారనుకున్నాను.

ఆవిడ కంచంలో చెయ్యి అలాగే ఉంచి చెప్పారు. 1941 డిసెంబరు 23న జపాన్‌వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. క్రిస్మస్ నాడు మళ్ళీ వేశారు. మనవాళ్ళు లక్షల్లో ఊరు వదిలారు. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు దొరికారు, దొరకనివాళ్ళు నడిచారు. అమ్మమ్మ వాళ్ళు రేవు దాకా వెళ్ళి, ఎక్కలేక, ప్రోమ్ మీదుగా టాంగప్ కనుమ దాటే కొండదారి పట్టారు. అటు అక్యాబ్, అక్కణ్ణుంచి పడవలో చిట్టగాంగ్. ట్రంకుపెట్టె రేవులోనే వదిలేశారు. పరుపుచుట్ట రెండోరోజు వదిలేశారు. మూడేళ్ళ కొడుకు తాతగారి భుజం మీద, ఏడాది నిండని కూతురు అమ్మమ్మ చంకలో. దారంతా కలరా. ఆ దారుల్లో వేలమంది పోయారని పుస్తకాల్లో ఉంది. వాళ్ళలో అత్తయ్యగారు ఎన్నడూ చూడని వాళ్ళ అక్క ఉంది.

"రెండోరోజు పరుపుచుట్ట బదులు ముందే పెట్టే, పరుపూ రెండూ ఇంట్లో వదిలేసి ఉంటే, మంచినీళ్ళు ఇంకో బిందెడు మోసేదాన్ని కదా అనేది మా అమ్మ. బతికున్నన్నాళ్ళూ అదే లెక్క వేసుకునేది. అందుకని ఆ మాట మాకు నేర్పింది."

ఇల్లు చేరాక కూడా నిలవలేదట. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. ఊరు ఖాళీ అవుతుంటే అమ్మమ్మ మళ్ళీ మూట కట్టి పల్లెకు నడిచింది. ఆ తర్వాత ఆవిడ విశాఖలో ఉన్నా సముద్రం ఒడ్డుకు వెళ్ళేది కాదు, పిల్లల్ని వెళ్ళనిచ్చేది కాదు. 1946లో పుట్టిన అత్తయ్యగారు సముద్రం చూస్తూ పెరిగి, ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు.

ఆ రాత్రి నేను టిక్కెట్లు రద్దు చేద్దామన్నాను. మా వారు మాట్లాడలేదు. పొద్దున్న కాఫీ తాగుతూ అత్తయ్యగారే అడిగారు, "మన గదికి కిటికీ ఉందా?" అని. లేదు. తక్కువలో వస్తుందని లోపలి గది తీసుకున్నాం. "కిటికీ ఉన్నదైతే వస్తాను. గోడ చూస్తూ కూర్చోవడానికైతే ఇల్లే నయం. మా అమ్మ వెళ్ళేటప్పుడు మూడ్రోజులు నీళ్ళు చూస్తూ కూర్చుందట. వెళ్ళేటప్పుడు బాగుందనేది."

ఇంకాస్త డబ్బు కట్టి గది మార్చుకున్నాం. ఓడ మధ్యలో, కింది అంతస్తులో ఊగడం తక్కువ కనక అక్కడే అడిగాం. వాంతుల మాత్ర ఆవిడ బీపీ మందులతో పడుతుందో లేదో డాక్టరుగారిని అడిగి రాయించుకున్నాం. ఆవకాయ ఇంట్లోనే ఉంటుంది, ఓడలో శాకాహార భోజనం ఉందట.

నిన్న అందరి పెట్టెలూ వరసగా హాల్లో పెట్టి చూసుకున్నాం. మా మూడింటికీ చక్రాలున్నాయి. అత్తయ్యగారిది మాత్రం గుడ్డసంచి. రెండు చీరలు, మందుల డబ్బా, కళ్ళజోడు, అడుగున కంచు చెంబు. కొండదారి దాటి ఇంటికి చేరిన సామాను అదొక్కటేనట. ఎందుకని నేను అడగలేదు. ఆవిడ సంచి భుజాన వేసుకుని, మేడమెట్లు కిందికి దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి, "మోయగలను" అన్నారు.

నేను నా పెట్టె మళ్ళీ తెరిచాను.